నారింజ రంగు తూటా

హార్లన్ బ్రూక్‌షర్ శవం పసుపు గీతకు అవతల పడి ఉంది.

నేల మీద టేపుతో వేసిన గీత అది. తుపాకీ చేతిలో ఉన్న మనిషి ముందు ఎవరూ ఆ గీత దాటకూడదు. ఆ నియమం పెట్టింది హార్లనే. కాన్సాస్‌లోని బెల్ క్రీక్‌లో, చర్చి పక్క హాల్లో, ప్రతి శనివారం ఇంటి రక్షణ క్లాసు చెప్పేవాడు. ఊళ్లో సగం మందికి తుపాకీ పట్టుకోవడం ఆయనే నేర్పాడు.

ఉదయం 10.40కి తూటా పేలింది. 11.15కి షెరీఫ్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ గ్లెన్నా స్ట్రౌడ్ వచ్చింది.

పేల్చింది టామ్సిన్ ఓడెల్. నిరుడు విద్యార్థిని. ఈ నెల నుంచి హార్లన్ పక్కన నిలబడి పాఠం చెబుతోంది.

గ్లెన్నా ఆమెను హాలు వెనక వంటగదిలో కూర్చోబెట్టింది.

"క్లాసులో వాడేవి డమ్మీ తూటాలు కదా?"

"అవును. నారింజ రంగువి. పేలవు." టామ్సిన్ దాదాపు అరుస్తోంది. "ఇసుక పెట్టెకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతాం. రెండు డమ్మీలు అయ్యాయి. ఒకటి కిందపడి గీత అవతలికి దొర్లింది. మూడోసారి నొక్కుతుంటే హార్లన్ గారు గీత దాటి, దాన్ని తీయడానికి వంగారు. చూసేలోపే పేలింది."

"మ్యాగజైన్‌లో తూటాలు నింపిందెవరు?"

"ఏంటీ?"

"మ్యాగజైన్."

"వెర్లిన్ నింపి ఇచ్చారు. తుపాకీ ఖాళీ అని ఇద్దరం చూశాం. మ్యాగజైన్‌లోవన్నీ నారింజవే మేడమ్."

పక్క గదిలో శవం ఉండగా అరుపా? గ్లెన్నాకు ఒళ్లు మండింది. తను పని నేర్పిన అమ్మాయే కిందటి వారం తనకు పైఅధికారి అయింది. ఆ పిల్లదీ ఇంతే, ఎప్పుడూ పెద్ద గొంతు. బెల్టుకున్న బేడీల మీదికి చెయ్యి పోయింది. చల్లగా, హాయిగా తగిలాయి. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించలేదు.

వెర్లిన్ టాట్ తలుపు దగ్గర కూర్చున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. హార్లన్‌కు మొదటినుంచీ సహాయకుడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. ఎంత మర్యాద, అనుకుంది గ్లెన్నా.

"మ్యాగజైన్ టామ్సినే నింపుకుందమ్మా. నేను ముట్టుకోలేదు."

"మీరెక్కడ నిలబడ్డారు?"

"దాని కుడిచేతి పక్కనే. చెయ్యి చాపితే అందేంత దూరం."

"పాఠం ఎవరు చెబుతున్నారు?"

"ఈ మధ్య అంతా అదే." వెర్లిన్ నవ్వాడు. "మొదట్లో ఓ కథ ఉంటుంది, నీకూ తెలుసు. పాతకాలంలో పశువుల మందలు తోలుకొచ్చినవాళ్లు ఊళ్లో అడుగుపెట్టగానే తుపాకీ అప్పగించాలి. వెళ్లేటప్పుడు తీసుకోవాలి. తుపాకీ చట్టాలు నిన్నమొన్న పుట్టినవి కావని చెప్పడానికి. ఆ కథ నాది. జనం నవ్వేవాళ్లు. పోయిన నెల హార్లన్ అన్నాడు, టామ్సిన్ చెబితే బాగుంటుందిరా అని."

"బాగా చెప్పిందా?"

"నాకంటే బాగా."

ఇద్దరిలో ఒకరిది అబద్ధం. టామ్సిన్ నింపుకుందంటే జైలు తప్పదు. ఎవరు నింపారో క్లాసులో మరెవరూ చూడలేదు. పేలిన తూటా ఇత్తడి తొడుగు గది మూలన దొరికింది. దాని మీద నారింజ రంగు పూత ఉంది. అసలు తూటాకు ఎవరో రంగేశారు.

గ్లెన్నా చివరి వరసలోని ఐవీ మక్‌నట్ దగ్గరికి వెళ్లింది. డెబ్బై ఏళ్ల ముసలావిడ.

"ఐవీగారూ, మీరేం చూశారు?"

"గట్టిగా అడుగు తల్లీ. పేలిన దగ్గరనుంచీ చెవుల్లో రైలు కూస్తోంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు బాగానే ఉన్నాయి."

పక్కాయన తల ఊపాడు. "నాకూ అంతే." ఆయనా అరుస్తున్నాడు.

గ్లెన్నా ఆగిపోయింది.

టామ్సిన్ అరుపు పొగరు కాదు. ఆ పిల్లకు తన మాటే వినబడట్లేదు. దాన్ని తను పొగరని ఎందుకు అనుకుంది? జవాబు తెలుసు. తెలిసినందుకు సిగ్గేసింది.

మూసిన గదిలో చివరి వరస చెవులే దిమ్మెక్కాయి. తుపాకీ పక్కనే నిలబడ్డ మనిషి మాత్రం గుసగుసలాడినట్టు మాట్లాడుతున్నాడు.

గ్లెన్నా వెళ్లి వెర్లిన్ వీపు వెనక నిలబడి, గోడతో మాట్లాడినంత మెల్లగా అడిగింది.

"మంచినీళ్లు కావాలా?"

"వద్దమ్మా."

గ్లెన్నా ముందుకొచ్చి కూర్చుంది.

"డమ్మీల క్లాసులో చెవులు ఎవరూ మూసుకోరు. మీరెందుకు మూసుకున్నారు వెర్లిన్ గారూ?"

వెర్లిన్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. దాచుకోవడం కుదరదని ఆ చెయ్యికే తెలిసినట్టు అక్కడే ఆగింది. గ్లెన్నా ఆ జేబులోంచి, చెవుల్లో పెట్టుకునే రెండు స్పాంజి ముక్కలు తీసింది.

"వేల మందికి నేర్పాను," అన్నాడు. "అసలు తూటా ఉందని తెలిశాక చెవులు ఊరికే వదలడం నా వల్ల కాదు."

"ఎవర్ని చంపాలని?"

"ఎవర్నీ కాదు. తూటా ఇసుకలోకి పోతుంది. క్లాసులోకి అసలు తూటా తెచ్చిందని హార్లన్ దాన్ని పంపించేస్తాడు. మళ్లీ మేమిద్దరమే ఉంటాం. అంతే."

గ్లెన్నా అతన్ని లేపి చేతులు వెనక్కి పెట్టించింది. ఈసారి బేడీలు హాయిగా తగల్లేదు.

వెర్లిన్ హాల్లో దుప్పటి కప్పిన శవాన్ని చూశాడు. ఏడుస్తాడేమో అనుకుంది గ్లెన్నా.

"ఇన్నేళ్లలో నా తుపాకీ ముందుకి ఒక్కసారి కూడా రాలేదమ్మా," అన్నాడు. "ఎంత నమ్మినా గీత గీతేరా అనేవాడు. ఆ పిల్ల తుపాకీ ముందుకి మాత్రం వెళ్లాడు."