లోపలి మాసిక

వంతెనను ఎత్తుకుపోయిన వరద వచ్చాక మూడో ఏడు అది. ఆ ఏడు దర్జీ ఇంటికి పరదేశం కోడలు వచ్చింది. భాష నేర్చుకుందామని వచ్చిన పిల్ల. భాష వచ్చింది, మొగుడూ దొరికాడు. ఒక కంపెనీలో ఉత్తరాలు రాసే ఉద్యోగం చేసేది.

దర్జీ మనిషిని అడగకుండా గుడ్డ కోయడు. కూర్చుని చేసే పనా, తిరిగే పనా? రోజూ ఎంత దూరం పోతావు? జీతమెంత? కూర్చునేవాడికి నడుము వెనక ఎత్తు పెట్టాలి. తిరిగేవాడికి జేబు లోతు కావాలి. అడగడం కూడా ఆయనకు కొలత తీసుకోవడమే.

కోడలు వచ్చిన మర్నాడు పొద్దున టీ తాగుతూ కొలత మొదలుపెట్టాడు.

“నీకు జీతమెంతమ్మా?”

ఆ పిల్ల కప్పు కింద పెట్టి చెప్పింది.

“విమానానికెంతైంది? మీ అమ్మ ఒక్కతే ఎందుకుంటుంది? ఎవరితోనూ పడదా?”

కోడలు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. కొడుకు ముఖం మాడ్చుకున్నాడు.

“నాన్నా, వాళ్ళ దేశంలో ఇరవై ఏళ్ళు పక్కింట్లో ఉన్నా ఇవన్నీ అడగరు. ఇకమీద దాన్నేమీ అడక్కు.”

“అడక్కపోతే మనిషి ఎలా తెలుస్తుందిరా?”

“తెలియక్కర్లేదు. ఆరా తీయడం మానెయ్, అంతే.”

“ఆయన నోట్లో గుండుసూదులున్నంతసేపే ఈ ఇంట్లో ప్రశాంతం” అంది దర్జీ భార్య. తల్లీకొడుకులు నవ్వారు. దర్జీ నవ్వలేదు.

ఆ రోజు నుంచి కోడలు గడప దాటుతుంటే ఎక్కడికని కూడా అడగలేదు. సాయంత్రాలు ఆ పిల్ల తనంతట తనే వచ్చి మిషను పక్కన నిలబడేది. ఆయన నోట్లో సూదులు పెట్టుకునేవాడు. కాసేపు చూసి వెళ్ళిపోయేది.

చలికాలంలో ఒకరోజు ఆరేసిన బట్టలు తీస్తూ ఆమె ప్యాంటు చూశాడు. కూర్చుని రాసేవాళ్ళకు వెనకవైపు నున్నబడుతుంది. దీనికి మోకాళ్ళు పలచబడ్డాయి, చుట్టూ సబ్బునీటి చారలు. మోకాళ్ళ మీద పాకుతూ నేల తుడిచే పని. దర్జీకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగొద్దన్నారుగా, వాళ్ళ ఖర్మ అనుకున్నాడు. లోపలివైపు రెండు మాసికలు వేసి మడతపెట్టాడు. మూడు నెలల్లో మూడుసార్లు అలా వేశాడు.

ఒక సాయంత్రం కొడుకు బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు. వెనకే కోడలు.

“ఆఫీసువాళ్ళతో హోటలుకి పోయాను. నా పెళ్ళాం మెట్లు తుడుస్తూ కనబడింది. కంపెనీ మూసేసి నాలుగు నెలలైందట. నీకేమైనా తెలుసా?”

“తెలుసు” అన్నాడు దర్జీ.

“తెలిసీ ఒక్క మాట అడగలేదేం?”

“నువ్వే వద్దన్నావు.”

“నీ పంతం మండా” అంది భార్య. “దాని మోకాళ్ళు ఎలా వాచాయో చూశావా?”

“నువ్వు చూశావా?” అన్నాడు.

కొడుకు పెళ్ళాం వైపు తిరిగాడు. “నాకైనా చెప్పొచ్చుగా?”

“నీ ముఖం ఇలా అవుతుందనే చెప్పలేదు” అంది కోడలు. తర్వాత దర్జీని చూసింది.

“మొదటి మాసిక చూసిన రోజు, మీకు తెలిసిపోయిందనుకున్నాను మామయ్యా. అడుగుతారని రాత్రి భోజనం దాకా ఇక్కడే కూర్చున్నాను. మూడోది వేసినా అడగలేదు. ఈ వీధిలో కూరగాయలమ్మే ఆమె కూడా నన్ను అడుగుతుంది, తిన్నావా, ఎంతొస్తుంది, ఎందుకు చిక్కావు అని. ఏమీ కానివాళ్ళనే అడగరని ఇక్కడికొచ్చాకే తెలిసింది.”

“మొదటిరోజు ఏడ్చావుగా” అన్నాడు కొడుకు.

“కోపంతో ఏడ్చాననుకున్నావా? మా అమ్మ ఒక్కతే ఎందుకుందని నన్ను అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు.”

కొడుకు కూర్చుండిపోయాడు. దర్జీ నోట్లో ఆ పూట సూదులు లేవు. అలవాటుగా సూదుల డబ్బా అందుకుని, మూత తీయకుండానే పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున కోడలు సంచీ భుజాన వేసుకుంటుంటే దర్జీ పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఎంతిస్తారమ్మా అక్కడ?”

ఆమె చెప్పింది.

“మరీ తక్కువ” అన్నాడు. తర్వాత, మీ అమ్మ ఒక్కతే ఎందుకుంటోందని అడిగాడు.

ఆ పిల్ల సంచీ దించి కూర్చుంది.