స్పీకరులో బియ్యం

మా అక్క అత్తారి తెలివి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళలో నానిన లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి బియ్యంలో కప్పెట్టారు!

"ఫోను తడిస్తే ఇలాగే సేస్తారు కదా నరేషూ," అంది అక్క అత్తగారు జగ్గమ్మ.

"ఇదేటి ఊరగాయా అత్తా, కప్పెట్టీడానికి? బియ్యం తేమ లాగదు, లోపలికి పోయి కూకుంటాది. పైగా తడి ఆరకుండానే చార్జరెట్టి నొక్కినారట!"

ఆవిడకి ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే. అక్క మొహం చూసి, చార్జరుతో సహా దాన్ని బియ్యంలోంచి పైకి తీశాను.

మా బావ దేవేంద్ర బైకు గరివిడి దాటాక కల్వర్టు మీంచి వాగులో పడింది. బావా పోయాడు, ఫోనూ పోయింది. భుజానికున్న సంచిలో ఈ లాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. బావ పాడి రికార్డు చేసుకున్న పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. రేపు బావ పెద్దదినం. శ్రావణక్క సరిగ్గా ముద్ద ముట్టడం లేదు.

"ఆయన గొంతు ఒక్కసారి ఇంటే సాల్రా తమ్ముడూ," అంటోంది.

మధ్యాహ్నమే అయినా ముసురుకి ఇల్లంతా చీకటి. కరెంటు లేదు. వెలుతురు కోసం కిటికీ దగ్గర చాప వేసుకున్నాను. చార్జరు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాను. ఒంట్లో స్టాటిక్ కరెంటు పోడానికి కిటికీ ఇనుప ఊచ ముట్టుకుని అప్పుడు స్క్రూలు విప్పాను. అన్నిటికంటే ముందు బ్యాటరీ ఊడదీసి కిటికీ గట్టు మీద పెట్టాను. అది ఉబ్బలేదు, అదృష్టం.

లోపల బియ్యం. తెల్లగా లేవు, పసుపు పట్టి ఉన్నాయి. పులిసిన వాసన, దాని వెనక కట్టెల పొగ వాసన.

"ఇవెక్కడి బియ్యం అత్తా?"

"మా తమ్ముడు జోగయ్య తెచ్చినాడు. ఆ దినం నా కొడుకు నోట్లో ఎయ్యగా మిగిలినవి... పారీడం ఎందుకని."

ఛీ! శవం నోట్లో వేసిన బియ్యం శ్మశానంలోనే వదిలెయ్యాలని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ తాగుబోతు వెధవకి తెలీదు, వాడి అక్కకి అంతకన్నా తెలీదు! తిట్టుకుంటూనే పట్టకారుతో స్పీకరు జాలీలోంచి ఒక గింజ లాగాను.

"మ్మ్..."

చూరు నీళ్ళనుకున్నాను. ఇంకో గింజ తీశాను.

"మ్మ్... మ్మా..."

నోటి నిండా ఏదో కుక్కుకున్న మనిషి మూలుగు. స్పీకరులోంచే... గట్టు మీద బ్యాటరీ పెట్టింది పెట్టినట్టే ఉంది. చార్జరు నా మోకాలి కింద ఉంది. జగ్గమ్మత్త "బాబోయ్" అని వానలోకే పరిగెత్తింది. చేసిందంతా చేసి పారిపోవడం బాగా తెలుసు! నేనూ లేచి, పక్కనే కూచున్న అక్క చెయ్యి పట్టుకు లాగాను. నిజంగా భయమేసింది.

"దాన్ని ఒగ్గీ అక్కా, పోదాం..."

"ఆయనేరా! తియ్యి! ఇంకా తియ్యి!"

నా చేతిలో పట్టకారు లాక్కుంది. గబగబా గింజలు పెరికేస్తోంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"బు...జ్జ...మ్మా..."

బావ ఒక్కడే అక్కని అలా పిలిచేవాడు. అదీ గదిలో, ఎవరూ లేనప్పుడని అక్కే ఓసారి చెప్పింది. నేను అక్క నోరు మూయబోయాను. ఎవరు పిలుస్తున్నారో తెలీనప్పుడు మొదటి పిలుపుకి పలకకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేది.

"ఆఁ! వస్తన్నాను!" అనేసింది అక్క.

ఆఖరి గింజ కూడా ఊడి చాప మీద పడింది.

"బుజ్జమ్మా."

ఈసారి స్పష్టంగా వినిపించింది. ముసలి గొంతు. తాపీగా ఉంది.

అక్క నవ్వు ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"తమ్ముడూ... ఇది మీ బావ గొంతు కాదురా."

నేను లాప్‌టాప్‌ని దూరంగా తోసేశాను.

"నేను పలికీసినాను కదరా..."

లాప్‌టాప్‌లోంచి ఇంక చప్పుడు రాలేదు. తర్వాతి పిలుపు వంటింట్లోంచి వచ్చింది.