చెరిపేసిన పెళ్ళికొడుకులు

"చెరిపితే చెరిగిపోయే డిస్క్ ఒకటివ్వండి. ఆదివారం పెళ్ళికొడుకుని ఎక్కించాలి."

వీడియో సామాన్ల షాపు నడిపే అతనికి రకరకాల కస్టమర్లు తగిలారు గానీ, పెళ్ళికొడుకు రాకముందే చెరపడానికి సిద్ధమైన అమ్మాయి తగలడం ఇదే మొదలు. ఎదుటి వరుసలోని కళ్ళజోళ్ళ షాపు ఆమెది. ఆమె పెట్టుకునే కళ్ళద్దాల వెనక కళ్ళు చూసిన రోజు నుంచీ అతనికి నిద్ర కరువు.

"చెరపడం దేనికండీ?"

"మా అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చెయ్యలేదు. అందుకని వచ్చిన ప్రతి సంబంధాన్నీ వీడియో తీసి పంపాలి. ఆవిడ ఊ అంటేనే మాట ముందుకెళ్తుంది. ఇప్పటికి నలుగురికి వంక పెట్టింది. మనిషికో కొత్త డిస్కా? దండగ!"

అతను మూడు రకాల డీవీడీలు బల్ల మీద పెట్టాడు.

"ఇది మైనస్. రికార్డు చేశాక 'ఇక ముగిసింది' అని ఫైనలైజ్ చెయ్యకపోతే వేరే ప్లేయర్లో ఆడదు. ఇది ర్యామ్. ఎన్నిసార్లయినా చెరపొచ్చు గానీ మీ అమ్మమ్మగారి ప్లేయర్ దీని మొహం కూడా చూడదు. ఇది ప్లస్. తీసిన వెంటనే ఆడుతుంది, పాత ప్లేయర్లు కూడా చాలావరకు పేచీ పెట్టవు."

"మీరైతే ఏది చేసుకుంటారు?"

"నాకింకా ఎవరూ సంబంధాలు చూడలేదండీ."

"నేనడిగింది డిస్క్ గురించి!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ తడబాటులోనే ప్లస్ డిస్క్ రికార్డర్లో పెట్టి, పరీక్ష కోసం షాపు కెమెరా ముందు తానే నిలబడ్డాడు.

"నమస్కారం అమ్మమ్మగారూ! బొమ్మ బాగా కనిపిస్తోందా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కకండి."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి అతను ఉన్న మతి పోగొట్టుకున్నాడు. చెరపకుండానే డిస్క్ చేతికిచ్చేశాడు.

ఆదివారం వచ్చేది బ్యాంకు ఆఫీసరని తర్వాత తెలిసింది. అమ్మమ్మ ఊ అందంటే తన పని అంతే. ఆ వారమంతా అడిగినవాళ్ళకి ఒకటిస్తే, అడగనివాళ్ళకి ఇంకొకటిచ్చాడు.

చివరికి ఆమె సుడిగాలిలా వచ్చింది. చేతిలో అదే డిస్క్.

"ఎంత పని చేశారండీ! దీన్నిండా మీరే!"

"అయ్యో! ఆఫీసరుగారు లేరా?"

"మీ వెనకాలే ఉన్నారు. అమ్మమ్మ అక్కడిదాకా వెళ్తేగా! 'ఇంతమందిలో నా మోకాళ్ళ గురించి అడిగింది వీడొక్కడే' అంటూ మీరున్న భాగమే తిప్పితిప్పి చూసిందట. చెరిపితే ఊరుకోనని చెప్పి మావయ్య చేత వెనక్కి పంపింది."

అతను డిస్క్ కోసం చెయ్యి చాపాడు. తప్పు తనదే. ఒక అమ్మాయి పెళ్ళి సంబంధం తన మతిమరుపు వల్ల చెడిపోతే ఎలా?

"ఇలా ఇవ్వండి. నేనే చెరిపి, అమ్మమ్మగారికి ఫోన్లో నిజం చెప్పేస్తాను."

"చెయ్యి వేశారంటే చూడండి!"

డిస్క్‌ని గుండెకి హత్తుకుని, ఆ తర్వాత నాలుక కరుచుకుంది.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాడతను ధైర్యం చేసి. "అమ్మమ్మగారి సంగతి సరే, మీరేమంటారు?"

"ఆదివారం మా ఇంటికి రండి. అమ్మానాన్నలతో మాట్లాడుదురుగాని."

"కెమెరా తీసుకురానా?"

"వద్దు," అందామె, కళ్ళద్దాలు సరిచేసుకుని అతన్ని తేరిపార చూస్తూ. "అమ్మమ్మ చూసింది చాలు. ఇక నేను చూసుకోవాలి."