పన్నెండు శాతం కుర్రాడు

ఆ అమ్మాయి కవరు బోర్లించగానే మా స్టూడియో కౌంటరు మీద పదకొండు మొహాలు పడ్డాయి. రెండు పాస్‌పోర్టు సైజువి, ఒకటి గుర్తింపు కార్డులోంచి కత్తిరించింది, ఇంకొకాయన నుదుటి మీద పిన్ను గుచ్చిన తుప్పు మరక. అన్నిటికంటే పెద్దది ఆసుపత్రి మంచం మీద కూర్చున్న ఒక పెద్దావిడది. ఆవిడ కుడికన్నుకి పచ్చటి గుడ్డ కట్టి ఉంది.

"వీళ్ళందరూ ఒకే ఫోటోలో నిలబడాలి. పక్కపక్కనే, నవ్వుతూ," అంది.

నిజంగానే నిలబెట్టి తీయించుకోవచ్చు కదా అన్నాను. అది కుదిరితే మీ దగ్గరికెందుకొస్తానంది. ఎనిమిదేళ్ళ కిందట తీయించుకున్న గ్రూప్ ఫోటోలో వాళ్ళ పెదనాన్న భుజం వాళ్ళ నాన్న సగం మొహానికి అడ్డం వచ్చిందట. కావాలనే అడ్డం పెట్టాడని నాన్న. నీ మొహమే వచ్చి నా భుజం వెనక దాక్కుందని పెదనాన్న. బాబాయి ఒక పక్షం, మేనత్త ఇంకో పక్షం. ఒకే మేడలో నాలుగు వాటాల్లో ఉంటూ, మెట్ల మీద ఎదురుపడితే గోడకేసి తిరిగి నడుస్తున్నారట.

శుక్లం తీయించుకుని ఆ కట్టుతో ఉన్న వాళ్ళ నానమ్మ మాత్రం మంకుపట్టు పట్టింది. కట్టు విప్పాక కొత్త కంటితో మొదట చూసేది పిల్లలందర్నీ కలిపే చూడాలి. లేకపోతే రెండో కన్ను ఆపరేషన్‌కి రానే రానంది.

"కట్టు కింద కన్నెలా ఉంటుందో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

"రెండోది కాపీ చేసి, తిప్పి అతికించండి."

నా పనిలో ఎవరైనా సలహా ఇస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలా చేస్తే ఆటబొమ్మలా ఉంటుంది, మనిషికి రెండు కళ్ళూ ఒకేలా ఉండవని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆ అమ్మాయి చివరిదాకా విని, తను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షిస్తానని, రోజుకి అరవై కళ్ళు చూస్తానని చెప్పింది. "మీ నంబరు కూడా మారింది. తల పక్కకి వంచి చూస్తున్నారు."

నా తల నా ఇష్టమన్నాను. మర్నాడే ఆ షాపుకి వెళ్ళాను. కేవలం అనుమానం తీర్చుకోడానికే వెళుతున్నానని మా ఓనరుగారికి అడక్కుండానే చెప్పాను.

చీకటి గదిలో కూర్చోబెట్టి, నా ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అందులో అద్దాలు మార్చడం మొదలెట్టింది. మార్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "ముందుది బాగుందా, ఇది బాగుందా?"

మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా వంగుతోంది. అందుకని నేను ప్రతిసారీ "ఇదే" అన్నాను. ఏడోసారికి ఆపేసింది. మీరు చెప్పిన ప్రకారం జోడు చేయిస్తే రేపట్నించి గోడలకి గుద్దుకుంటారు, ఈసారి నిజం చెప్పండంది. నేను చెప్పింది నిజమేనని ఎలా చెప్పను? చచ్చినట్టు మళ్ళీ మొదట్నించీ చూశాను.

గోడకి ఒక విచిత్రమైన పటం ఉంది. అక్షరాలన్నీ ఒకే సైజు. పై వరస నల్లగా ఉంది, కిందికి పోయేకొద్దీ వెలిసిపోయి, ఆఖరి వరస ఉందో లేదో అన్నట్టుంది. లేతగా ఉన్నవాటిని కన్ను ఎంతవరకు పట్టగలదో దానితో తెలుస్తుందట. మీ ఇంట్లోవాళ్ళు ఎన్నో వరస దాకా చదువుతారని అడిగాను. ఎవరూ తన దగ్గర కూర్చోరంది. నిన్ను ఎత్తుకుని తిరిగినవాణ్ణి, నా కళ్ళు నువ్వు చూసేదేమిటని పెదనాన్న. జోడే అక్కర్లేదని నాన్న, పేపరు మాత్రం చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చదువుతాడు. తన మాట విన్నది నానమ్మ ఒక్కతే.

ఇక్కడ నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఒక్కో మనిషినీ ఫోటోలోంచి కత్తిరించి, మెడ దాకానే ఉన్నవాళ్ళకి వేరే ఫోటోలోంచి ఒళ్ళు తెచ్చి అతికించి, ఒక్కో లేయరు మీద పెడతాం. లేయరంటే అద్దం పలక అనుకోండి. పలకలన్నీ పేర్చి పైనుంచి చూస్తే అందరూ ఒకే పేజీలో ఉన్నట్టుంటారు. పై పలక మీద మనిషి కింది పలక మనిషికి అడ్డం వస్తాడు. ప్రతి పలక పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది, నొక్కితే ఆ మనిషి మాయం, మళ్ళీ నొక్కితే హాజరు. మనిషి ఎంత శాతం కనపడాలో కూడా మన ఇష్టం.

ఫోటో చేయిస్తున్న సంగతి ఎలా పొక్కిందో గానీ, మూడోరోజుకల్లా ఆ అమ్మాయి పెదనాన్నగారు స్టూడియోకి వచ్చారు. స్క్రీను మీద లేయర్ల జాబితాలో తన పేరు అట్టడుగున చూసి కుర్చీలో కూలబడ్డారు. పైకి మార్చి పంపాను. ఆ సాయంత్రమే నాన్నగారొచ్చి తను అందరికంటే పైన ఉండాలన్నారు. బాబాయిగారూ అంతే. మేనత్తగారు పైన ఉండాలి, నడుం కూడా తగ్గించాలన్నారు. ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా మనిషికీ మనిషికీ మధ్య జానెడు సందు వదిలేసరికి, ఫోటో పొడుగు పెరిగి పెరిగి రైలుపెట్టెలా తయారైంది.

ఇంకో చిక్కు. ఒక్కొక్కరి ఫోటో ఒక్కో సైజు కాబట్టి నాన్నగారి తల బాబాయిగారి తలకి రెండింతలుంది. అందర్నీ సరిచూడటానికి ఒక కొలత కావాలి. నా ఎత్తు నాకు తెలుసు కనక, తెరముందు నిలబడి నన్ను నేనే ఫోటో తీసుకుని, దాన్ని అందరికంటే పై లేయరు చేసి, 'కొలకర్ర' అని పేరు పెట్టాను. ఒక్కొక్కరి పక్కకీ నన్ను జరుపుకుంటూ వాళ్ళ ఎత్తు సరిచేశాను. ఆఖర్న కొలిచింది ఆ అమ్మాయిని. దాంతో నేను ఆ అమ్మాయికీ వాళ్ళ నాన్నగారికీ మధ్య ఉన్న సందులో ఆగిపోయాను.

ఆ అమ్మాయి రోజూ షాపు మూశాక వచ్చి నా పక్కన కూర్చునేది. మౌస్ లాక్కుని వాళ్ళ నాన్నని ముప్ఫై శాతానికి తగ్గించి, ఇంట్లో కూడా ఇలా ఉంటే ఎంత హాయో అనేది. నవ్వితే ఎడమకన్ను కాస్త ఎక్కువ మూసుకుంటుంది. రెండు కళ్ళూ ఒకేలా ఉండవని నేను చెప్పలేదూ?

ఆఖరిరోజు కొలకర్రని తీసేయాలి. ఒక్క మీట నొక్కితే పోతుంది. వేలు పెట్టాను, వేలు కదల్లేదు. పక్కపక్కనే నిలబడ్డాం, ఇద్దరం నవ్వుతున్నాం, ఎత్తులు కూడా చక్కగా కుదిరాయి. నేను ఆ అమ్మాయిని ప్రేమిస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. నోటితో చెప్పే ధైర్యం లేనివాణ్ణి కనక నన్ను నాలుగు శాతానికి తగ్గించి వదిలేశాను. నాలుగంటే గాలితో సమానం, ఎవరికీ కనపడను. వాళ్ళింటి గోడ మీద ఆ అమ్మాయి పక్కన ఉంటాను, అంతే.

ప్రింటుకి ముందు ఎవరో పాస్‌పోర్టు ఫోటోకొస్తే లోపలికెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చుని ఉంది. నానమ్మ చీర అంచు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానంది. నా కొత్త జోడింకా రాలేదు, పాత జోడుతోనే ప్రింటు తీసి, చుట్టి ఇచ్చేశాను.

నాలుగురోజుల తరవాత కొత్త జోడు పట్టుకుని స్టూడియోకి వచ్చింది. మొహంలో కళ లేదు.

కట్టు విప్పారట. నానమ్మ హాల్లో ఫోటో ముందు కుర్చీ వేయించుకుని, ఒక్కొక్కర్నీ పేరుపేరునా చూసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, అంతా అయ్యాక అడిగిందట, మనవరాలి పక్కన ఆ కళ్ళజోడు కుర్రాడెవరని. అక్కడెవరూ లేరన్నారు. ఉన్నాడంది. చారల చొక్కా అని కూడా చెప్పింది.

నేను చారల చొక్కాలోనే ఆ ఫోటో తీసుకున్నాను.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి నలుగురూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారట, తల్లికి మతి పోయిందా లేదా అని. పోయిన తాతగారే పడుచువాడై వచ్చారని పెదనాన్న. కంట్లో పెట్టిన అద్దం నాసిరకమని బాబాయి. నాన్న తీర్పు చెప్పేశాడు. సోమవారం మతి డాక్టరుకి చూపించాలి, రెండో కన్ను ఆపరేషన్ మానెయ్యాలి, ఇకమీద అమ్మ ఒంటరిగా గడప దాటకూడదు.

"కన్నొచ్చిన సంతోషం నాలుగురోజులు కూడా లేదు ఆవిడకి," అంది.

ఒక ముసలావిడ నావల్ల పిచ్చిదైపోతోంది. సిగ్గు ఒకపక్క, భయం ఒకపక్క. నేలకేసి చూస్తూ, అక్కడున్నది నేనేనని, కొలకర్రనని, నాలుగు శాతమని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కౌంటరు మీద లేని దుమ్ము వేలితో తుడిచి, ఆదివారం పొద్దున లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రండి, ఆ చొక్కానే వేసుకోండి అంది.

ఆదివారం కొత్త జోడు పెట్టుకుని ఆ హాల్లో అడుగుపెట్టాను. గోడ మీద నన్ను నేను చూసుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. పల్చగానే ఉన్నాను గానీ ఉన్నాను. నాలుగు శాతం మనిషి అంతగా కనపడకూడదు.

నలుగురూ నాలుగు మూలల కుర్చీల్లో ఉన్నారు. నన్ను ఫోటోలు చేసే అబ్బాయని పరిచయం చేసి, ఆ అమ్మాయి షాపులోంచి తెచ్చిన పటాన్ని గోడకి తగిలించింది. మతి సంగతి తరవాత, ముందు కళ్ళ సంగతి తేలుద్దామంది. పెదనాన్నగారు మూడో వరస దగ్గర ఆగి, అచ్చు సరిగ్గా పడలేదన్నారు. బాబాయిగారు నాలుగో వరస సొంతంగా కల్పించి చదివారు. మేనత్తగారు కింద అసలు వరసలే లేవని ఒట్టేశారు. నాన్నగారు కుర్చీలోంచి లేవనే లేదు. నానమ్మ ఎడమకన్ను మూసుకుని గడగడా ఆఖరి వరస దాకా చదివి, నా వైపు తిరిగింది.

"ఇదిగో, వీడే. చొక్కా కూడా అదే."

నాన్నగారు ఫోటో దగ్గరికెళ్ళి, ముక్కు ఆనించి, వెనక్కొచ్చి, చెయ్యి చాచినంత దూరంలో ఆగారు. మెల్లగా ఆయన మొహం రంగు మారింది.

నేను లాప్‌టాప్ తెరిచి, ఆవిడకి ఏ పిచ్చీ లేదని, తప్పంతా నాదని, కొలతకి పెట్టిన లేయరు తీయకుండా నాలుగు శాతం వదిలేశానని చెప్పాను. రుజువుకి కొలకర్ర మీద నొక్కాను. పన్నెండని ఉంది.

"నాలుగన్నావు," అన్నారు నాన్నగారు.

నాలుగే పెట్టానని ప్రమాణం చేశాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"నేను పెంచాను," అంది ఆ అమ్మాయి.

అందరూ అటు తిరిగారు. తను నన్నే చూస్తూ చెప్పింది. "లేయర్ల జాబితాలో కనపడ్డారు. నాలుగైతే నానమ్మకి కూడా ఆనదు. పన్నెండైతే మా ఇంట్లో ఆవిడ ఒక్కదానికే ఆనుతుంది. చాటుగా నన్ను పిలిచి ఎవరే వీడు అని అడిగితే, నచ్చాడా అని అడుగుదామనుకున్నా. హాలు మధ్యలో అరుస్తుందనుకోలేదు."

కొత్త జోడులో నాకు లోకమంతా మసకబారింది. జోడు తప్పు కాదు, కళ్ళల్లో నీళ్ళు.

నానమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "తీసెయ్యడం చేతకాకనా నాయనా, ఇష్టంలేకనా?"

"ఇష్టంలేకండి."

దానిమీద చర్చ మొదలైంది. నాన్నగారు చాలాసేపు గడ్డం గోక్కుని, ప్రస్తుతానికి యాభై పెట్టు, మిగతా యాభై విచారించుకున్నాక చూద్దామన్నారు. యాభైలో కుర్రాడి పొట్టలోంచి వెనక గోడ కనపడుతుంది, బాగుండదని పెదనాన్నగారు. డెబ్భై అయితే రెండువైపులా మర్యాదగా ఉంటుందని మేనత్తగారు. నలుగురి కుర్చీలూ ఎప్పుడు దగ్గరికి జరిగాయో ఎవరూ గమనించలేదు.

"సగం మనిషికి పిల్లనెలా ఇస్తార్రా?" అంది నానమ్మ. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టించుకుని, మనవరాలు చూపించిన చోట వేలు పెట్టి, నూరుకి లాగేసింది.

స్క్రీను మీద నేను నిండుగా ప్రత్యక్షమయ్యాను. నా కుడిభుజం సరిగ్గా వెళ్ళి నాన్నగారి సగం మొహాన్ని కప్పేసింది.

పన్నెండు శాతం భుజం ఎవరికీ అడ్డం కాలేదు. నూరు శాతం భుజం ఎనిమిదేళ్ళ నాటి భుజమే. పెదనాన్నగారు తన భుజం తడుముకున్నారు. నేను గబగబా లేయరు కిందికి లాగబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. లాప్‌టాప్ తీసుకెళ్ళి వాళ్ళ నాన్న ముందు, సరిగ్గా చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, కొలకర్ర పక్కనున్న కన్ను బొమ్మ నొక్కింది. నేను మాయమయ్యాను, ఆయన మొహం పూర్తిగా కనిపించింది. మళ్ళీ నొక్కింది. నేనొచ్చాను, సగం మొహం పోయింది. కూతురి నవ్వు మాత్రం ఇప్పుడు ఒంటరిగా లేదు.

"ముందుది బాగుందా నాన్నా, ఇది బాగుందా?"

తన కూతురి దగ్గర కళ్ళు చూపించుకోడానికి ఏనాడూ కూర్చోని మనిషి, రెండుసార్లు మార్చి మార్చి చూపించుకున్నారు. మూడోసారి ఇంకా నెమ్మదిగా చూశారు.

"ఇదే," అన్నారు. ఆ తరవాత అన్నగారి కేసి తిరక్కుండానే, "ఆ పాత ఫోటో ఎక్కడుంది, అదోసారి తియ్యి," అన్నారు.