ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు

ఒకే అట్టపెట్టె మీద రెండు చేతులు పడ్డాయి.

బొమ్మల దుకాణం పై అరలో మిగిలింది ఆ ఒక్క పికప్పు కిట్టే. లోపల అన్నీ విడి ప్లాస్టిక్ ముక్కలు. ఓపికున్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి అతికించుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? పెళ్ళికాని మగాళ్ళకీ, పెళ్ళయి ఇంట్లో మాట చెల్లని మగాళ్ళకీ. మనవాడు మొదటి రకం. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. చిట్టి వాహనాల క్లబ్బులో అతన్ని అందరూ ‘మిల్లీమీటర్’ అంటారు. ఎవరి బండి చూసినా ముందు స్కేలు తీస్తాడు, తర్వాత నోరు తెరుస్తాడు. స్కేలుతో ఆగిపోతే బాగుండునని తోటి సభ్యుల కోరిక.

రెండో చెయ్యి ఒకమ్మాయిది. గోళ్ళ సందుల్లో గులాబీ రంగు పొడి.

“వదలండి. ముందు నేను పట్టుకున్నాను,” అన్నాడు.

“పట్టుకుంటే మీదైపోతుందా? అయితే ఆ గల్లాపెట్టె పట్టుకోండి.”

“ఇది బొమ్మ కాదండీ, కిట్టు. పిల్లలకైతే ఆ మూల బంతులున్నాయి.”

“పిల్లలకి కాదు. మా నాన్నకి.”

మిల్లీమీటర్ చెయ్యి కొంచెం సడలింది. ఆమె సంచిలోంచి ఒక ఫొటో తీసింది. పాత కారు ముందు భాగం, బానెట్‌కి ఆనుకుని నిలబడ్డ బక్కపల్చటి డ్రైవరు. బండి వెనక భాగం ఫొటోలో పడలేదు.

“దీని వెనక ఎవరో గుద్దేస్తే, నాన్న సగానికి కోయించి ఒక పికప్పు తొట్టి అతికించారు. ఏళ్ళ తరబడి దాంట్లోనే సోఫాలూ బీరువాలూ మోశారు. ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు అన్నయ్య దాన్ని తుక్కుకి వేసేశాడు. అప్పట్నుంచి నాన్న నోట్లోంచి మాట లేదు. బండి నిలిపే చోట నూనె మరకుంది. దాని పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటారు. కారు కిట్టు దొరికింది. ఇక తొట్టి కావాలి.”

“రెండు కిట్లు కోసి కలపడమంటే మాటలు కాదు.”

“పళ్ళ సెట్లు చేస్తానండీ నేను. అరగదీయడం నాకు కొత్తా?”

“పళ్ళు వేరు, పికప్పు వేరు.”

“వేరే. పికప్పు నొప్పని ఏడవదు.”

అక్కడ పడిపోయాడు మనవాడు. కానీ మగాడు కదా, పడ్డట్టు ఒప్పుకుంటాడా? “కోయడం మాత్రం నేనే కోస్తాను. మీరు పాడుచేస్తారు. పైగా ముందు మా క్లబ్బు పోటీలో పెట్టాలి,” అన్నాడు. ఇలాంటివాళ్ళు ప్రేమిస్తున్నానని ఈ విధంగానే చెబుతారు. అర్థం చేసుకోవడం అవతలివాళ్ళ ఖర్మ.

ఆదివారాలు ఆమె పనిచేసే ల్యాబులో కూర్చున్నారు. చుట్టూ అరల నిండా ప్లాస్టరు దవడలు, ఇద్దర్నీ చూసి ఇకిలిస్తూ. ఇలాంటి కథల్లో ఈపాటికి వాన పడాలి. పడలేదు. ఫ్యాను గాలికి పొడి లేచి ఇద్దరూ తుమ్మారు, అంతే.

“ఎందుకండీ అలా చూస్తున్నారు?”

“మీ ముక్కు మీద లప్పం అంటింది.”

“ఎన్ని మిల్లీమీటర్లు?”

అతనికి చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపులోనే సన్న రంపం తీసి, కారు క్యాబిన్ వెనక తెగ్గోశాడు. పికప్పు తొట్టీ తెగ్గోశాడు. రెండూ ఒకే చాసిస్ మీద పెట్టాడు.

కుదరలేదు. తొట్టి క్యాబిన్ కంటే రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చింది.

ఆమె అట్టపెట్టెలు రెండూ తిప్పి చూసింది. “కారు కిట్టు అసలు బండిలో ఇరవై అయిదో వంతు. పికప్పు ఇరవై నాలుగో వంతు. ఇంతింత అక్షరాల్లో రాసుంది. చూళ్ళేదా మీరు?”

జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బండ్లు కొలిచినవాడు తన ముందున్న అట్ట చదవలేదు.

“మూడు మిల్లీమీటర్ల తేడా! మీ పేరేంటి, మీరు చేసిందేంటి?”

“అరగదీద్దాం.”

“అరగదీస్తే తొట్టి గోడలు మిగలవు. ఇంకో కిట్టు లేదు. నాన్నకి ఏం చూపించను? కోసేముందు నన్నొక్క మాట అడగొచ్చుగా? నేను పాడుచేస్తానన్నారు కదా!”

ఉన్నది ఉన్నట్టే అతికించి రంగేశారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ‘ఎమరీ పేపరు ఇవ్వండి’, ‘తీసుకోండి’ తప్ప మాటల్లేవు.

పోటీ రోజు ఆమె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. నలుగురి మధ్యకి తెస్తే మాట్లాడతాడేమోనని ఆశ. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఆయన ఒక మూల నిలబడ్డాడు.

క్లబ్బు ప్రెసిడెంటు భూతద్దం పట్టుకుని బల్లల వెంట నడుస్తున్నాడు. సొంతంగా ఒక్క చక్రం కూడా అతికించి ఎరగడు. అందుకే ప్రెసిడెంటయ్యాడు. పికప్పు దగ్గర ఆగాడు.

“ఏమిటిది? క్యాబిన్ ఒక కొలత, తొట్టి ఇంకో కొలత! ఏం మిల్లీమీటర్, నీ బండేనా?”

సభ్యులు ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజది. ఒకడు జేబులోంచి స్కేలు కూడా తీశాడు.

అప్పుడు ఆ మూలనుంచి తండ్రి కదిలాడు. బల్ల మీదికి వంగాడు. తొట్టి పొడుచుకొచ్చిన చోట వేలు పెట్టి నెమ్మదిగా నిమిరాడు.

“ఇటు రెండు వేళ్ళు,” అన్నాడు. చాలాకాలంగా వాడని గొంతు, గరగరలాడింది. “అటు రెండు వేళ్ళు. నా బండికీ అచ్చం ఇంతే ఉండేది. దీనివల్ల ఎన్ని గేట్లు గీరానో, ఎంతమందిచేత తిట్లు తిన్నానో! ఫొటోలో లేదే. నీకెలా తెలిసింది బాబూ?”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్కేలు తీసినవాడు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. ప్రెసిడెంటు భూతద్దం దించి, “అంటే... కావాలనే చేశావా?” అన్నాడు.

అవునంటే చాలు. కప్పు అతనిదే, పరువు అతనిదే. మిల్లీమీటర్ నోరు తెరిచాడు. ఆమె వైపు చూశాడు. ఆమె రెప్పవేయకుండా చూస్తోంది.

“నాకేం తెలీదండీ,” అన్నాడు తండ్రితో. “అట్ట చదవకుండా కోసేశాను. తప్పు నాదే. మీ అమ్మాయిని ఒక్క మాటైనా అడగలేదు.”

హాలంతా గుసగుసలు. ఆ క్లబ్బు పుట్టాక ఒక సభ్యుడు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

తండ్రి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె దగ్గరికి పరిగెత్తింది. నవ్వుతున్నాడాయన.

“నేను మాత్రం కొలిచానా? తుక్కు కొట్లో ఏ తొట్టి దొరికితే అది తెచ్చి వెల్డింగు పెట్టించా. బానే నడిచింది కదా!”

కప్పు ఇంకెవరికో పోయింది. బయట మెట్ల దగ్గర ముగ్గురూ నిలబడ్డారు, తండ్రి చేతుల్లో పికప్పు.

“కప్పు వచ్చేది కదా. అబద్ధం ఆడితే పోయేదేముంది?” అందామె.

“మీరు చూస్తున్నారు కదా.”

“నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటే?”

అతను బదులు చెప్పేలోపు, అన్ని ఆదివారాలూ ఎగ్గొట్టిన వాన ఒక్కసారి దబదబా మొదలైంది. మిల్లీమీటర్ చొక్కా విప్పి, బనీనుతో వానలో నిలబడి, పికప్పు మీద కప్పాడు.

“తొట్టి వైపు సరిగ్గా కప్పవయ్యా, అల్లుడూ,” అన్నాడు తండ్రి.

“నాన్నా!”

“ఏమ్మా? కొలిచి చెప్పాలా?”