తెరుచుకోని పాటల పెట్టె

రాయచూరులో డిటెక్టివ్ తులసమ్మ ఆఫీసులోకి ఇడపనూరు సుంకవ్వ వచ్చిన తీరు చూసి, ఫిర్యాదుకు వచ్చిందా పోట్లాటకు వచ్చిందా అని అసిస్టెంటు గణేశ్‌కు అనుమానం కలిగింది.

“నా నాట్ల పాటలు మనుమరాలు నేత్ర కంప్యూటర్ల దాచింది. ఇప్పుడు గా పాటల ప్రోగ్రాం తెరుచుకుంటలేదు. మా ఊరి శరణప్ప రేపు అవే పాటలు తనవని రికార్డింగు కంపెనీకి ఇస్తుండు. నావని చూపనీకి వేరే సాక్ష్యం లేదు. ఊకుంటనా? సచ్చినా ఊకోను!”

ఆ తెగువ గణేశ్‌కు భలే నచ్చింది.

ఇడపనూరులో నేత్ర ప్రోగ్రాం తీసేసి, మళ్ళీ వేసి చూపింది. అది తెర మీద మెరిసి మూసుకుపోయింది.

“ఎన్నిసార్లు వేసినా గింతే, మేడం.”

“చెడకముందు ఇంటికి ఎవరొచ్చారు?”

“కరెంటు బుగ్గ మార్చనీకి హంపయ్య, ఊరికే ముచ్చటకు శరణప్ప మామ. నేను వంటింట్ల ఉన్న.”

హంపయ్యను అడిగితే, “బుగ్గ పెట్టిన, పోయిన. ప్రోగ్రాం అంటే ఏందో నాకెరుక లేదు” అన్నాడు.

“సుంకవ్వ ప్రోగ్రాం తెరుచుకోవడం లేదట” అంది తులసమ్మ, శరణప్పతో.

అతడు నవ్వాడు. “నాకు కంప్యూటర్ ముట్టుడే రాదమ్మా. అయినా లోపలి లైబ్రరీ ఫైలు చెడినంక, ప్రోగ్రాం ఎన్నిసార్లు వేస్తే ఏం ఫాయిదా?”

తులసమ్మ వెంటనే బయటికొచ్చింది. గణేశ్ బుర్ర గోక్కున్నాడు.

సాయంత్రం తులసమ్మ అందరినీ, కంపెనీ మనిషి నారప్పతో సహా, సుంకవ్వ ఇంట్లో కూర్చోబెట్టింది.

“ప్రోగ్రాం కొత్తదే. కానీ తెరవగానే అది పాత లైబ్రరీ ఫైలునే చదువుతుంది. ఆ ఫైలును ఎవరో చెడగొట్టారు. నేనింకా చూడకముందే, కంప్యూటర్ ముట్టడమే రాదన్న శరణప్పకు ఆ సంగతి ఎలా తెలిసింది?”

తులసమ్మ శరణప్ప వైపు వేలు చూపింది.

“పాపం, పాటలన్నీ ఆ ఫైలులోనే ఉన్నాయనుకున్నాడు. అందులో ఉన్నవి పేర్లే. పాటలు వేరే చోట భద్రంగా ఉన్నాయి.”

ఆమె చెడిన ఫైలును పక్కకు తీసింది. ప్రోగ్రాం ఖాళీగా తెరుచుకుంది. పాటలున్న చోటు చూపగానే పేర్లు బిలబిలా దిగాయి. ఒకటి నొక్కింది.

సుంకవ్వ గొంతు ఇల్లంతా నిండింది. నడుమ ఒక మగగొంతు: “అవ్వా, గా చరణం మళ్ళొక్కసారి చెప్పు. నాకు పట్టువడ్తలేదు.”

అది శరణప్పదే. దీన్ని దాచడానికేనా ఇన్ని తిప్పలు అనుకున్నాడు గణేశ్. నారప్ప శరణప్పతో రాసుకున్న ఒప్పంద కాగితం నిలువునా చింపి, “రేపు నువ్వే పాడాలవ్వా” అన్నాడు.

సుంకవ్వ శరణప్ప ఎదుట నిలబడింది.

“నాడు అడిగినవు, నేర్పిన. మళ్ళా అడుగు, మళ్ళా నేర్పుత. నా పాట నీదంటే మాత్రం ఊకోను. రేపు రా. నేను ముందు పాడత, నువ్వు ఎనక నిలబడి వంత పాడు.”