తెల్ల కౌంటర్ అమ్మాయి

"ఆగండి. ఆ లెక్క తప్పు."

మార్కర్ చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగాను. మా వీడియో గేమ్స్ షాపులో అప్పుడే ఉద్యోగానికి చేరిన అమ్మాయి, వానలో తడిసిన జుట్టు తుడుచుకుంటూ బోర్డు కేసి చూస్తోంది. నల్ల కన్సోల్ అమ్మే కౌంటర్ నాది. ఎదురుగా ఉన్న తెల్ల కన్సోల్ కౌంటర్ ఆ రోజు నుంచి ఆమెది. బోర్డు మీద నేను రాసింది: నలుపు 640, తెలుపు 390.

"తప్పేముందండీ? ఆరొందల నలభై పెద్దదా, మూడొందల తొంభై పెద్దదా?"

"మీది మార్కెట్లోకి వచ్చి ఎన్ని వారాలైంది?"

"నలభై."

"మాది?"

"ఇరవై."

"పదో క్లాసు వాణ్ణీ, ఐదో క్లాసు వాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగని అడుగుతారా ఎవరైనా? ఇరవయ్యో వారానికి మీవి ఎన్ని అమ్ముడుపోయాయో అది రాయండి."

రిజిస్టర్ తిరగేశాను. మూడొందల పది. ఇన్నాళ్ళూ కాలర్ ఎగరేసుకుని తిరిగిన నన్ను అర నిమిషంలో నేల మీదకు దించేసింది. కోపం రావాలి కదా? రాలేదు. అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రమే మేనేజర్ మా ఇద్దరినీ పిలిచారు. షాపు చిన్నది చేస్తున్నారట. ఈ నెల ఎవరు తక్కువ అమ్మితే వాళ్ళు బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న బ్రాంచికి వెళ్ళాలట.

"సామాను సర్దుకోండి," అన్నాను బయటికొచ్చాక.

"మీ పెట్టె పెద్దదా, చిన్నదా?" అంది నవ్వకుండా.

యుద్ధం మొదలైంది. నేను గ్రాఫిక్స్ గురించి, స్పీడు గురించి గొంతు పోయేలా చెప్పేవాణ్ణి. ఆమె మాత్రం కన్సోల్ ఊసే ఎత్తేది కాదు. "ఇంట్లో ఎవరెవరు ఆడతారు?" అని అడిగేది. పిల్లలతో పాటు నేల మీద కూర్చుని, కంట్రోలర్ వాళ్ళ చేతికిచ్చి, బొటనవేలు బటన్ దాకా అందుతోందో లేదో చూసేది. అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో! నా ముందు కస్టమర్ నిలబడి ఉన్నా నా కళ్ళు అటే పోయేవి.

"నోరు మూసుకోండి, ఈగలు దూరతాయి," అనేది అటువైపు నుంచే.

నెలాఖరు రోజు బోర్డు మీద నలుపు 41, తెలుపు 36.

"గెలిచారుగా, పార్టీ ఎప్పుడు?" అంది. గొంతులో మామూలు హుషారు లేదు. నాకూ గెలిచినట్టు లేదు. ఇక ఎదురుగా ఆమె ఉండదు.

వారంటీ కార్డులు ఫైల్లో పెడదామని కూర్చున్నాను. ప్రతి కార్డులో 'ఎవరు చెబితే కొన్నారు?' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, నేనూ ఏనాడూ చదవలేదు. ఆ రోజు చదివాను. నా నలభై ఒక్క కార్డుల్లో తొమ్మిదింటి మీద ఒకటే మాట: తెల్ల కౌంటర్ అమ్మాయి.

కార్డులు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"ఏంటండీ ఇది? వీళ్ళని నా దగ్గరికి మీరు పంపారా?"

"వాళ్ళు అడిగిన ఆటలు నా దాంట్లో లేవు. అంటగట్టమంటారా?"

"మీ కౌంటర్ పోతుందని తెలిసి కూడానా?"

"మన బోర్డు సంగతి ఆ పిల్లలకేం తెలుసండీ? ఇంటికెళ్ళి పెట్టె విప్పాక వాళ్ళ మొహాలు వాడిపోవాలా?"

ఇలాంటి మనుషులు నిజంగా ఉంటారా? ఉన్నారు, నా కౌంటర్‌కు పది అడుగుల దూరంలోనే.

తిన్నగా మేనేజర్ గదికి వెళ్ళి కార్డులు బల్ల మీద పెట్టాను. బయటికొచ్చి బోర్డు తుడిచి మళ్ళీ రాశాను: నలుపు 32, తెలుపు 45.

"వెళ్ళాల్సింది నువ్వేనని అర్థమైందా?" అన్నారు మేనేజర్, నన్ను మళ్ళీ లోపలికి పిలిచి.

"అయింది సార్."

మెట్ల దగ్గర వాన జోరుగా కొడుతోంది. ఆమె నా వెనకే పరుగున వచ్చింది, కళ్ళెర్ర చేసుకుని.

"ఎవరడిగారు మిమ్మల్ని నిజం చెప్పమని?"

"మిమ్మల్ని ఎవరడిగారు, కస్టమర్లని పంపమని?"

ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"మీరంటే నాకు ఇష్టం. ఇష్టం కంటే ముందు ఆశ్చర్యం. నెల రోజులుగా మిమ్మల్ని చూస్తుంటే, నాకు అమ్మడం వచ్చనుకున్నది ఉత్తదేనని తెలిసిపోయింది. సోమవారం వెళ్ళిపోతాను. చెప్పకుండా వెళ్ళలేను."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. చున్నీ చాటు నుంచి ఫోన్ తీసింది.

"మీరు లోపల ఉండగా నాన్నకి ఫోన్ చేశాను. గెలిచిన ఆటని చేజేతులా ఓడిపోయిన పిచ్చి మనిషి ఒకడు దొరికాడని చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"కట్ చెయ్యలేదు. ఇందాకటి నుంచీ వింటున్నారు."

ఫోన్ అందుకుని, "నమస్కారమండీ," అన్నాను.

"అంతా విన్నాను బాబూ," అందావలి గొంతు. "మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ అందరి లెక్కలూ తప్పని దిద్దుతూనే ఉంది. ఒకణ్ణి రైటనడం ఇదే మొదటిసారి. ఆదివారం ఇంటికి రా."